గాలి తిరిగితే ఎక్కడ నిలబడాలి, నీరు తిరిగితే ఏం విసరాలి: జెర్సీ ఒడ్డున స్ట్రైప్డ్ బాస్ వేట

కొత్తగా రాడ్ పట్టినవాళ్లు పోటు పట్టిక ఒక్కటే చూసుకుని ఒడ్డుకు వెళ్తారు. కిందటిసారి పోటు నిండే వేళకు ఫలానా చోట చేప పడింది కాబట్టి ఈసారీ అక్కడే పడుతుందనుకుంటారు. చాలాసార్లు పడదు. చంద్రుడు, సూర్యుడు నీటిని ఎంత లాగుతారో పట్టిక చెబుతుంది. ఆ నీటిని గాలి ఎటు నెడుతోందో చెప్పదు. ఒకే ఎత్తు పోటు ఈశాన్య గాలిలో ఒకలా, పడమటి గాలిలో ఇంకోలా ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి చదవడమే ఒడ్డు వేటలో అసలు పని. రాడ్, రీలు ఆ తర్వాత.

ఇక్కడి ఉదాహరణలన్నీ న్యూజెర్సీలో శాండీ హుక్ నుంచి బార్నెగాట్ మొగ (సముద్రాన్ని బేతో, అంటే లోపలి ఉప్పునీటి అఖాతంతో, కలిపే ఇరుకు దారి) దాకా ఉన్న తీరానివి. ఎడిసన్, ఐజలిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు కారులో అందే దూరమే. ఈ తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. అంటే తూర్పు, ఈశాన్య, ఆగ్నేయ గాలులు మొహాన కొడతాయి, పడమటి, వాయవ్య గాలులు వీపున తగులుతాయి. లాంగ్ ఐలాండ్ సముద్రతీరం దక్షిణ ముఖం కాబట్టి అక్కడ దిక్కులు మార్చుకుని చదువుకోండి. నీరు ఎక్కడాన్ని పోటు అని, దిగడాన్ని ఆటు అని రాస్తున్నాం.

చేప తీరు

స్ట్రైప్డ్ బాస్‌ను అక్కడ అందరూ స్ట్రైపర్ అంటారు. వెండి ఒంటి మీద తలనుంచి తోకదాకా ఏడెనిమిది నల్ల చారలు. మన పులసలాగే ఇదీ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కుతుంది. చెసాపీక్ బేలో కలిసే నదులు, డెలావేర్, హడ్సన్ దీని పుట్టిళ్లు. వసంతంలో గుడ్లు పెట్టి ఉత్తరానికి పోతుంది, చలి మొదలయ్యాక దక్షిణానికి తిరిగొస్తుంది. అందుకే జెర్సీ ఒడ్డున రెండు సీజన్లు: ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మధ్య దాకా. నీటి వేడి 50 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉన్నప్పుడు బాగా తింటుంది.

ఈ చేప తేట నీళ్లలో వెంటపడి వేటాడటం కన్నా కాచుకుని ఉండటానికే ఇష్టపడుతుంది. పారే నీటిలో, నురగ కింద, చిన్న చేప నిలదొక్కుకోలేని చోట నిలబడుతుంది. నీరు కదలకపోతే దానికి ఆ అవకాశం లేదు. పోటు నిండాక, ఆటు అడుగంటాక నీరు కాసేపు నిలబడిపోతుంది, అప్పుడు వేట చల్లబడటం అందుకే.

ముందు రోజు రాత్రి చూడాల్సినవి

ముందు నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) పోటు పట్టికలో శాండీ హుక్ కేంద్రం తెరవండి. అక్కడే అంచనా గీత పక్కన నిజంగా కొలిచిన నీటి మట్టం గీత కూడా ఉంటుంది. ఈ రెండో గీతను చాలామంది పట్టించుకోరు, అసలు విషయం అందులోనే ఉంది. కొలిచిన మట్టం అంచనా కంటే అడుగు ఎక్కువుంటే తూర్పు గాలి నీటిని ఒడ్డుకు తోసి పట్టి ఉంచిందని అర్థం. అడుగు తక్కువుంటే పడమటి గాలి నీటిని సముద్రంలోకి ఊడ్చేసింది.

తర్వాత న్యూయార్క్ హార్బర్ ముఖద్వారం దగ్గరి 44065 నంబరు బోయా (సముద్రంలో తేలుతూ అలలను కొలిచే పరికరం) చూడండి. అల ఎత్తుతో పాటు అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో తప్పకుండా చూడాలి. 5 సెకన్లకొకటి వచ్చే 4 అడుగుల అల గాలి లేపిన గజిబిజి మాత్రమే. 12 సెకన్లకొకటి వచ్చే 4 అడుగుల అల దూరపు తుఫాను నుంచి వచ్చింది, ఒడ్డున పడేటప్పుడు మనిషిని ఎత్తి పడేస్తుంది. నీటి వేడి కూడా ఆ బోయాలోనే తెలుస్తుంది.

చివరగా గాలి: ఇప్పుడు ఎటు వీస్తోందనే కాదు, గడచిన రెండు రోజులు ఎటు వీచింది, రేపు ఏ గంటకు తిరుగుతుంది అన్నదీ రాసుకోండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి సమయం ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమిల దగ్గర నీరు ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతుంది, ప్రవాహం బలంగా ఉంటుంది. అష్టమి, నవముల్లో మందగిస్తుంది.

పగటిపూట, ఆటు అడుగున ఒడ్డు చదవండి

రాత్రి వేటకైనా పగలు ఒకసారి వెళ్లి చూడాల్సిందే. నీరు బాగా దిగినప్పుడు ఒడ్డు తన లోపలి ఆకారం చూపిస్తుంది. అల ఒడ్డుకు దూరంగా విరిగి తెల్లబడితే అక్కడ ఇసుక మేట ఉంది. మేటకూ ఒడ్డుకూ మధ్య నల్లగా కనిపించే పట్టీ లోతైన గాడి. మేట పొడవునా తెల్లటి గీత ఒక్కచోట తెగి, అక్కడ అల విరగకుండా లోపలికి వస్తుంటే అది గండి. గాడిలోకి, గాడి నుంచి చేప వచ్చిపోయే దారి అదే. ఆటులో గాడి నీరంతా ఆ గండి గుండానే సముద్రంలోకి దూకుతుంది.

గండికి ఎదురుగా ఒడ్డు మీద గుర్తు పెట్టుకోండి: పక్క ఇసుక దిబ్బ, కంచె స్తంభం, ఏదైనా సరే. ఫోన్‌లో స్థానం దాచుకోండి. గట్టి తుఫాను తర్వాత గండి జరిగిపోతుంది, పాత గుర్తును నమ్మొద్దు. సుమారు పది మైళ్ల ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్‌లో ఇలాంటి గండ్లు ఏటా మారుతూనే ఉంటాయి.

సరంజామా

కృత్రిమ ఎరలకు 10 అడుగుల రాడ్, 1 నుంచి 4 ఔన్సులు విసరగలిగేది. 5000 లేదా 6000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ దారం 250 గజాలు. చివర 40 లేదా 50 పౌండ్ల నైలాన్ లీడర్ (ఎరకు ముందు కట్టే మందపాటి దారం) 3 అడుగులు, దాని కొసకు గట్టి క్లిప్. నిజమైన ఎర (చేప ముక్క, క్లామ్) వేసే వేటకు 11 అడుగుల రాడ్, 6 ఔన్సుల సీసంతో పాటు ఎర బరువు కూడా మోసేది కావాలి.

రీలు డ్రాగ్‌ను (చేప గట్టిగా లాగితే దారం జారనిచ్చే బ్రేకును) 7 లేదా 8 పౌండ్ల దగ్గర బిగించి, చేతి అంచనాతో వదిలేయకుండా చిన్న కొక్కెపు త్రాసుతో లాగి చూడండి. డ్రాగ్ మరీ బిగిస్తే తెగేది ఎక్కువసార్లు ముడి దగ్గరే.

వేడర్ (ఛాతీ దాకా వచ్చే, నీరు చొరని ప్యాంటు) మీద నడుముకు బెల్ట్ లేకుండా నీళ్లలో దిగొద్దు. బెల్ట్ ఉంటే పడ్డా నీరు కాళ్లలోకి గబగబా నిండదు. రాతి జెట్టీ (సముద్రంలోకి కట్టిన రాళ్ల గట్టు) ఎక్కేటప్పుడు బూట్లకు ఇనుప మేకుల పట్టీలు తప్పనిసరి. నాచు పట్టిన రాయి మీద రబ్బరు అడుగు నిలవదు.

గాలి దిక్కును బట్టి

తూర్పు నుంచి గంటకు 10–15 మైళ్ల గాలి ఈ తీరంలో మంచి గాలి. నురగ లేస్తుంది, నీరు కొద్దిగా మసకబారుతుంది, చిన్న చేప ఒడ్డుకు నెట్టుకొస్తుంది. ఎదురుగాలిలో బరువు తక్కువ, ఒళ్లు పెద్దదైన ఎర గాలిలో నిలబడి వెనక్కి పడుతుంది. సన్నటి నీడిల్‌ఫిష్ ప్లగ్ (ప్లగ్ అంటే చేప ఆకారపు కృత్రిమ ఎర), 1½ లేదా 2 ఔన్సుల బక్‌టెయిల్ జిగ్ (వెంట్రుకల కుచ్చు కట్టిన సీసపు తల ఎర), లోహపు జిగ్ వాడండి. అల పెద్దదైతే బాటిల్ ప్లగ్, దాని ముందరి పెదవి నురగలోనూ నీటిని పట్టుకుని అడుగుకు దిగుతుంది. విసిరేటప్పుడు ఎరను కాస్త కిందుగా పంపి, అది నీళ్లను తాకే ముందు స్పూల్ (రీలులో దారం చుట్టి ఉండే భాగం) మీద వేలితో దారాన్ని ఆపండి. వదులుగా పడిన దారమే తర్వాతి విసురులో చిక్కుపడి ముద్దవుతుంది.

ఈశాన్య గాలి 20 మైళ్లు దాటితే రెండు ఇబ్బందులు. ఒకటి నాచు: ప్రతి విసురుకూ కొక్కెం నిండా నాచు వస్తుంటే అక్కడ ఎంతసేపు నిలబడినా లాభం లేదు, మైలు రెండు మైళ్లు జరగండి. రెండోది ఒడ్డు వెంట పక్కకు పారే ప్రవాహం. మీరు ఎదురుగా విసిరిన సీసం రెండు నిమిషాల్లో దక్షిణాన పక్కవాడి కాళ్ల దగ్గర తేలుతుంది. సీసాన్ని 3 ఔన్సుల నుంచి 5 లేదా 6కు మార్చండి, పిరమిడ్ ఆకారపు సీసం ఆగకపోతే తీగ కాళ్లున్న స్పుట్నిక్ సీసం పెట్టండి. ప్రవాహానికి ఎగువకు విసిరి, నీళ్లలో దారం విల్లులా వంగేలా కొంచెం ఎక్కువ వదలండి. వంగిన దారం సీసాన్ని ఇసుకలోకి దిగేస్తుంది, బిగుతు దారం పైకి పీకేస్తుంది.

1982 సెప్టెంబరులో ఆల్బర్ట్ మెక్‌రెనాల్డ్స్ అట్లాంటిక్ సిటీ జెట్టీ మీద ఈశాన్యపు తుఫాను రాత్రి 78 పౌండ్ల 8 ఔన్సుల స్ట్రైపర్ పట్టాడు. చాలా ఏళ్లు అదే ప్రపంచ రికార్డు. పెద్ద చేప గాలివానలో ఒడ్డుకు దగ్గరగా వస్తుందన్నది నిజమే. కానీ అల జెట్టీ తల మీదుగా దాటుతున్న రాత్రి ఎవరూ రాయెక్కకూడదు. గాలి 25 మైళ్లు దాటాక బేలోకి, గాలి చాటు వైపుకు వెళ్లండి.

పడమటి, వాయవ్య గాలి వీపున ఉంటే ఎర దూరం పోతుంది, నీరు చదునై తేటపడుతుంది. పగలు చేప బిడియంగా ఉంటుంది, తెల్లవారుజామున, చీకట్లో మాత్రమే ఒడ్డుకొస్తుంది. పగలు దూరాన పక్షులు దూకుతుంటే పెన్సిల్ పాపర్ (నీటి పైన చిమ్ముతూ వచ్చే ప్లగ్) విసరండి. చీకట్లో మిన్నో ప్లగ్‌ను రీలు పిడి సెకనుకు ఒక్క చుట్టు కూడా మించకుండా నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పడం రాత్రి వేటలో అందరూ చేసే తప్పు.

నైరుతి గాలి సంగతి వేరు. వేసవిలో అది రెండు మూడు రోజులు ఆగకుండా వీస్తే ఒడ్డు నీరు చల్లబడిపోతుంది. భూభ్రమణం వల్ల పై నీరు గాలికి కుడివైపుకు, అంటే సముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు తేలుతుంది. ఎండ మండుతుంటే కాళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది. చేప నోరు మూసుకుంటుంది. ఆ రోజుల్లో మొగల లోపలికి, బేలోకి వెళ్లడం మేలు.

పోటూ ఆటూ, గంట గంటకూ

ఒక పోటు నిండటానికి ఆరు గంటల పైచిలుకు. శాండీ హుక్ దగ్గర నీరు దాదాపు 5 అడుగులు ఎక్కుతుందనుకోండి. అది సమానంగా ఎక్కదు: మొదటి గంటలో 5 అంగుళాలు, రెండో గంటలో 10, మూడు, నాలుగు గంటల్లో 15 చొప్పున, ఐదో గంటలో 10, చివర 5. ప్రవాహం బలం మధ్య రెండు గంటల్లోనే ఉంటుందన్నమాట. రెండు గంటలే ఖాళీ ఉన్న మనిషి వాటినే ఎంచుకోవాలి.

నీరు ఎక్కడం మొదలైన గంటన్నర దాకా చేప మేటకు అవతలే ఉంటుంది. మేట మీద దాకా నడిచి విసరాలనిపిస్తుంది. మోకాలు లోతు దాటొద్దు, రెండో గంట పూర్తి కాకముందే వెనక్కి వచ్చేయండి. మీ ముందున్న నీరు మోకాళ్ల దగ్గరే ఉన్నట్టనిపిస్తూ, వెనక గాడి నిండిపోతుంది. ప్రాణాలు పోయేది ఇక్కడే.

మూడో గంటకు గండి గుండా చేప గాడిలోకి వస్తుంది. ఇప్పుడు దూరం విసరకండి. ఒడ్డుకు సమాంతరంగా, గాడి పొడవునా విసరండి. పోటు నిండే వేళకు చేప 20 అడుగుల దూరంలో, అల విరిగి వెనక్కి జారే పెదవి కింద తిరుగుతుంటుంది. ఆ సమయంలో నడుం లోతు నీళ్లలో నిలబడ్డవాడు చేప ఉన్న చోట తనే నిలబడ్డాడు. తడి ఇసుక మీదే ఆగండి.

ఆటు మొదలైన రెండు మూడు గంటలు గండి దగ్గర ఉండాలి. గండి నోటికి ఎదురుగా కాక పక్కన, ఎగువ వైపు నిలబడండి. బక్‌టెయిల్ జిగ్‌ను ప్రవాహానికి అడ్డంగా, కొంచెం ఎగువకు వేసి అడుగుకు దిగనివ్వండి. దారాన్ని బిగుతుగా ఉంచి, నీరే దాన్ని వంపుగా గండిలోకి మోసుకెళ్లేలా చేయండి. చూపుడు వేలు దారం మీద ఆనించి ఉంచితే జిగ్ ఇసుకను తాకే టిక్కు మూడు నాలుగు చుట్టలకొకసారి తెలుస్తుంది. అస్సలు తాకకపోతే అర ఔన్సు పెంచండి. ప్రతి చుట్టకూ ఈడ్చుకుంటుంటే అర ఔన్సు తగ్గించండి. ఆ వంపు పూర్తయి జిగ్ తిన్నగా అయ్యే క్షణంలో దారం బరువెక్కినట్టు ఆగుతుంది. అది చేపే, అక్కడే రాడ్ ఎత్తండి.

బార్నెగాట్ లాంటి మొగల్లో ఒక చిక్కుంది. ఒడ్డున నీరు అడుగంటాక కూడా మొగలో నీరు బయటికి పారుతూనే ఉంటుంది, బే ఖాళీ కావడానికి సమయం పడుతుంది కాబట్టి. అక్కడికి వెళ్లేవాళ్లు మట్టాల పట్టికను వదిలి ప్రవాహాల పట్టికను చూడాలి.

మధ్యలో గాలి తిరిగితే

ఈశాన్య గాలి రెండు రోజులు వీచిందనుకోండి. నీరు ఒడ్డున పేరుకుంది, ఆటులో కూడా మేట బయటపడదు. పట్టిక ప్రకారం సగం పోటు వేళకే నిజానికి ముప్పావు పోటు ఉంటుంది. గాడిలోకి చేప గంట ముందే వస్తుంది, మీరూ గంట ముందే ఉండాలి. ఇప్పుడు మధ్యాహ్నం గాలి వాయవ్యానికి తిరిగింది. పెద్ద అలలు సాయంత్రం దాకా ఆగవు, నీరు ఇంకా మురికిగానే ఉంటుంది. తొందరపడొద్దు. మర్నాడు తెల్లవారేసరికి పైపై గజిబిజి చచ్చి, నీరు లేత ఆకుపచ్చకు తిరుగుతుంది. తుఫాను పగలగొట్టిన సర్ఫ్ క్లామ్ (ఇసుకలో బతికే పెద్ద ఆల్చిప్ప) గుల్లలు ఒడ్డంతా ఉంటే చేప వాటినే తింటోందని అర్థం, మీ ఎర కూడా క్లామే. ఆ ఒకటి రెండు రోజులు ఏడాది మొత్తంలో మంచి రోజులు.

వాయవ్య గాలి గట్టిపడే కొద్దీ లెక్క తిరగబడుతుంది. నీరు పట్టిక చెప్పినంత ఎక్కదు, గాడి ఆలస్యంగా నిండి త్వరగా ఖాళీ అవుతుంది. వేట పోటు నిండే వేళకు అటొక గంట, ఇటొక గంటకు కుదించుకుపోతుంది. ఆ రెండు గంటలు వదులుకోకండి.

మొగలో నీరు బయటికి పారుతుండగా గాలి తూర్పుకు తిరిగితే రెండూ ఎదురెదురుగా కొట్టుకుని అలలు గోడల్లా నిలుస్తాయి. చేప ఉంటుంది, కానీ జెట్టీ కొస దిగి ఒడ్డు వైపుకు వచ్చేయండి. వేటను బే వైపు చాటున కొనసాగించవచ్చు.

ఎర వేసే పద్ధతి

సీసం జారే స్లైడ్‌ను దారానికి ఎక్కించి, చివర స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు ముక్క) కట్టండి. స్వివెల్‌కు 50 పౌండ్ల లీడర్ 24 అంగుళాలు, దానికి 8/0 సైజు సర్కిల్ కొక్కెం (మొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండేది). అల ఎక్కువుంటే లీడర్‌ను 12 అంగుళాలకు తగ్గించండి, పొడుగైతే మెలిపడుతుంది. బంకర్ (స్ట్రైపర్ తినే నూనె చేప) చేపను అడ్డంగా కోసి తల ముక్కను పెదాల గుండా గుచ్చండి, తల త్వరగా ఊడదు. క్లామ్ మెత్తన కాబట్టి సాగే దారంతో నాలుగైదు చుట్లు కట్టాలి. కొక్కెం మొన మాత్రం బయటికే ఉండాలి.

చేప లాగినప్పుడు రాడ్‌ను గుంజొద్దు. సర్కిల్ కొక్కెం పని చేసేది నిదానపు లాగుడుతోనే. రాడ్ వంగనివ్వండి, రీలు తిప్పండి, కొక్కెం నోటి మూలకు చేరుతుంది. గుంజితే ఎర, కొక్కెం రెండూ నోట్లోంచి బయటికొస్తాయి. ఎర వేటలో ఈ కొక్కెం చట్టప్రకారం తప్పనిసరి కూడా, అదీ మొన పక్కకు వంగనిది.

న్యూజెర్సీలో సముద్ర వేటకు పేరు నమోదు చేసుకోవాలి, డబ్బు కట్టక్కర్లేదు. సముద్ర తీరంలో మనిషికి రోజుకు ఒక్క చేప, అదీ 28 నుంచి 31 అంగుళాల మధ్యది. పై హద్దును 31కి దించింది 2023లో, గుడ్లు పెట్టే పెద్ద ఆడ చేపలను కాపాడటానికి. ఈ నియమాలు ఏ ఏడాదైనా మారవచ్చు కాబట్టి వెళ్లే ముందు రాష్ట్ర మత్స్యశాఖ పేజీ చూడండి. ఇంటికి తెచ్చిన చేప విషయంలో గర్భిణులు, చిన్నపిల్లలు రాష్ట్ర ఆరోగ్య హెచ్చరికలను పాటించాలి. ఈ చేపలో పీసీబీ రసాయనాలు పేరుకుంటాయి.

చేప తగిలాక

మొదటి పరుగును ఆపొద్దు. ఒడ్డు దగ్గరికి వచ్చాక అసలు పరీక్ష. అల వెనక్కి జారేటప్పుడు ఆ నీటి బరువంతా చేప మీద పడుతుంది, అప్పుడు మీరు లాగితే ముడి తెగుతుంది లేదా కొక్కెం నోటిని చీల్చుకుని వస్తుంది. అందుకని నీరు వెనక్కి పోతున్నప్పుడు రాడ్ దించి దారం ఇవ్వండి. తర్వాతి అల వీపు మీదికి చేప ఎక్కగానే రీలు తిప్పుతూ నాలుగడుగులు వెనక్కి నడవండి. అలే దాన్ని తెచ్చి తడి ఇసుక మీద పెడుతుంది. నీరు తగ్గగానే ముందుకు వెళ్లి కింది దవడ పట్టుకోండి.

వదిలేసే చేపను పొడి ఇసుక మీద ఈడ్చకండి, ఒంటి మీది జిగురు పోతే జబ్బులు పట్టుకుంటాయి. వదిలిన చేపల్లో నూటికి 9 చచ్చిపోతాయన్న లెక్కతో అధికారులు నియమాలు రాస్తారు. మన చేతి పనిని బట్టి ఆ సంఖ్య తగ్గుతుంది, పెరుగుతుంది. ప్లగ్‌కు మూడు ముళ్ల కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం పెట్టండి, దాని మొన వెనకుండే ఎదురు ముల్లును శ్రావణంతో నొక్కేయండి. కొలత, ఫోటో కలిపి అర నిమిషంలో ముగించండి. తడి చేత్తో దవడ, ఇంకో చేత్తో పొట్ట కింద పట్టుకుని మోకాలు లోతుకు నడిచి, తల అలకు ఎదురుగా ఉంచండి. నీరు మొప్పల గుండా పోతుంటే కాసేపటికి అది మీ బొటనవేలిని కరిచి పట్టుకుంటుంది. తోక బలంగా విదిలించేదాకా చెయ్యి తీయకండి.